ఒళ్ళు తడవని ముడి

శామీర్‌పేట,
14 డిసెంబరు, ఆదివారం.

చిన్నప్పటి నుంచి ఒకే తెప్ప మీద నా పక్కన కూర్చున్న యాదగిరికి,

పరమేశ్ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను. క్షేమమే గానీ, ఇంటిల్లిపాదికీ ముక్కులు కారుతున్నాయి. అక్కడ గాజులరామారంలో నువ్వూ వదినా పిల్లలూ వెచ్చగా ఉన్నారని తలుస్తాను. కంపెనీల పక్కన చలి తక్కువ ఉంటుందంటారు. జీడిమెట్లలో రాత్రి డ్యూటీలు చేసేవాడివి, నిజమో కాదో నీకే తెలియాలి.

తొమ్మిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఉలిక్కిపడకు. నీ ఫోన్ నంబరు మారిందని విని, బాలమణి అక్కను అడిగి చిరునామా తీసుకున్నాను. అక్క ఇప్పటికీ అల్వాల్ మార్కెట్‌లోనే చేపలమ్ముతోంది. నీ తోడబుట్టినందుకు మా వాడలో ఎవరితోనూ అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడదు. చిరునామా కూడా కాగితం మీద రాయించి, చేపల బుట్ట పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

నన్ను మన మత్స్యకారుల సంఘానికి కార్యదర్శిని చేశారు. నెలనెలా తీర్మానాలు రాసి రాసి నా భాష కూడా తీర్మానంలా తయారైంది. పులుసు బాగుందంటే, ఏకగ్రీవంగా ఆమోదించినట్టేనా అని నా ఇల్లాలు శోభారాణి వెక్కిరిస్తుంది. పరమేశ్ నోట్లో నువ్వు గింజ కూడా నానదని నువ్వు అనేవాడివి గుర్తుందా? తనూ ఇప్పటికీ అదే మాట అంటుంది. నవ్వి ఊరుకుంటాను.

ముందు చలి సంగతి చెబుతాను. అసలు సంగతి అందులోనే ఉంది.

పోయిన సోమవారం తెల్లవారేసరికి ఉత్తరం గాలి మొదలైంది. చలికాలమన్నాక ఈదురుగాలి రావడం మామూలే, రెండు దినాలు వీచి పోతుంది. ఇది పోలేదు. పొద్దున పళ్ళు తోముకుంటూ బయటికి వస్తే చెరువు వైపు నుంచి ఒక చప్పుడు. లారీలేమోనని రోడ్డు వైపు చూశాను. రోడ్డు ఖాళీ. చప్పుడు నీళ్ళది. నలభై రెండేళ్ళు ఆ ఒడ్డునే పెరిగాను యాదగిరీ, మన చెరువుకు అంత గొంతుందని నాకు తెలియదు. అలలు కట్ట రాళ్ళను కొట్టి, మనిషి ఎత్తు లేచి, తుంపర్లు అవతలి పొలాల్లో పడుతున్నాయి. సముద్రం చూడని వాళ్ళం కదా, వాడంతా కట్ట మీద నిలబడి నోరు వెళ్ళబెట్టుకుని చూసింది.

మా అమ్మ ఈదమ్మ గొంగడి కప్పుకుని వచ్చి చాలాసేపు నీళ్ళకేసి చూసింది. చెప్పులు విడిచి దండం పెట్టింది. గంగమ్మ కదిలింది బిడ్డా, గీ వారం ఎవ్వలు వల ముట్టకుండ్రి అంది. డెబ్బై ఏళ్ళ మనిషి చెప్పాక ఎదురేముంది? అయినా ఆ గాలిలో తెప్ప మీద నిలబడేదెవరు? తెప్పలన్నీ ఒడ్డుకు లాగి, బోర్లించి, రాళ్ళు పెట్టాం.

మంగళవారం రేకులు లేచాయి. చేపలమ్మే షెడ్డు మీది రెండు రేకులు ఎగిరి హైవే పక్కన పడ్డాయి. అప్పుడు ఆ దారిన ఎవరూ రాకపోవడం మన అదృష్టం. వెంచర్ల జెండాలన్నీ పీలికలయ్యాయి. ప్లాట్లమ్మే వీరభద్రం సారు లేడా, ఆయన దండం పెట్టి నవ్వే ఫ్లెక్సీ ఊడి వచ్చి మా బర్రె ముఖానికి చుట్టుకుంది. బర్రె బెదిరి వాడంతా పరుగెత్తింది. ఆయన ఇంటింటికీ ఓట్లకు తిరిగినప్పుడు కూడా అంత చురుగ్గా తిరగలేదని శోభారాణి అంటే, చలి మరిచిపోయి నవ్వుకున్నాం.

బుధవారం మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆ పొద్దు నీళ్ళ మీద పొగమంచు, దాని మీద గాలి. పొగ నిలవలేక ముక్కలు ముక్కలుగా చినిగి కట్ట మీదికి కొట్టుకొస్తోంది. ఏటా చలికాలంలో వచ్చే బూడిదరంగు పెద్ద బాతులు రెండు మూడు వందలు జమ్ము చాటున చేరాయి. అన్నీ గాలికే ముఖం పెట్టి కూర్చున్నాయి. ఒక్కటీ కూయడం లేదు, కదలడం లేదు. గవి మంచుకొండలు దాటొచ్చినయ్, గవి సుత సప్పుడు జేస్తలేవంటే సూడుండ్రి అన్నాడు కుర్మయ్య కాక. మాకందరికీ వలలు అల్లడం నేర్పిన మనిషి గొంతు తగ్గించి మాట్లాడటం ఆ రోజే విన్నాను. పిల్లలు కూడా ఏడుపు మానేసి చూశారు. ఎంత చిన్నవాళ్ళమో అనిపించింది. భయం కాదు. భయమైతే ఇంట్లోకి పోయేవాళ్ళం. చలికి పళ్ళు కొట్టుకుంటున్నా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

గురువారం నుంచి చెరువు తన కడుపులో ఉన్నదంతా బయటికి వేయడం మొదలుపెట్టింది. ఏమని చెప్పను! తెగిన చెప్పులు, ప్రెషర్ కుక్కర్ మూత, ఎవరిదో బడి సంచి, పండగకు నిమజ్జనం చేసిన వినాయకుల ఇనుప చట్రాలు. రోజూ పొద్దున కట్టంతా ఒక కొత్త సంత. ఎవరి వస్తువు వాళ్ళు గుర్తుపట్టి తీసుకుపోతున్నారు. మా అమ్మ పన్నెండేళ్ళ కింద జారవిడుచుకున్న ఇత్తడి చెంబు సొట్టపడి దొరికింది. దాన్ని చింతపండుతో తోమి ఇప్పుడు అందరికీ చూపిస్తోంది. గంగమ్మ దాసిపెట్టి ఇచ్చిందట.

ఇక నిన్నటి సంగతి. కూర్చుని చదువు.

నిన్న శనివారం పొద్దున తొమ్మిదింటికి, కట్టకు యాభై అడుగుల దూరంలో అలల మీద నల్లగా పూసల దండలా ఏదో తేలింది. పామన్నారు కొందరు. కుర్మయ్య కాక చేయి అడ్డం పెట్టుకుని చూసి, గవి బెండ్లు అన్నాడు. వలకు కట్టే బెండ్లు. మన చెరువులో అంత పెద్ద బెండ్లు ఒక్క వలకే ఉండేవి.

పెద్ద వల, యాదగిరీ. తొమ్మిదేళ్ళ కింద పోయిన వల. దాని పేరు మీదే నిన్ను దొంగను చేశారు.

ఆ మాట ఇన్నాళ్ళకు రాస్తుంటే చేయి ఆగుతోంది. కానీ రాయాలి. ఆ వల ఏ ఒక్కరిదీ కాదు, సంఘం మొత్తానిది. సభ్యులు తప్ప వేరేవాళ్ళు దాన్ని ముట్టకూడదు. రోజుకొకరి వంతు. వంతున్న వాడు సాయంత్రం దాన్ని రాతి గుంజకు కట్టి ఇంటికి పోవాలి. ఆ రోజు వంతు నీది. తెల్లారి చూస్తే వల లేదు. రెండు రోజులు కొక్కేలు వేసి వెతికినా దొరకలేదు. అంతలో ఎవరో, నువ్వు ఆ రోజు నిండు సంచితో మేడ్చల్ ఆటో ఎక్కుతుంటే చూశామన్నారు. మేడ్చల్ అంగట్లో అలాంటి వల ముక్కలు అమ్ముతున్నారని ఇంకెవరో అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దమనుషులన్నారు. ఆ సంచిలో ఉన్నది ఆసుపత్రిలో మీ అమ్మ కోసం తీసుకుపోయిన బొంతలని నువ్వు చెప్పావు. వల సంగతి అడిగితే, నేనే కట్టి పోయిన అన్నావు. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు. నీ పేరు కొట్టేశారు. ఆ చలిలోనే మీ అమ్మ పోయింది. నువ్వు జీడిమెట్ల పోయావు. అదే చలికాలంలో చనిపోయిన మా నాయిన స్థానంలో నా పేరు సంఘంలో ఎక్కింది.

ఆ వలే నిన్న తిరిగి వచ్చింది.

లాగడానికి ముందు నేనే దిగాను. ఛాతీ లోతు నీళ్ళు. ఆ చలి ఎలా ఉందో చెప్పాలంటే మాట దొరకడం లేదు. రెండు అడుగులకే కాళ్ళు నావి కానట్టయ్యాయి. నా వెనక పదిమంది దిగారు, ఒడ్డున ఆడవాళ్ళు తాడు పట్టారు. అలలు తోస్తుంటే మేం లాగాం. నిజం చెబితే మేం లాగింది తక్కువ, చెరువు తోసిందే ఎక్కువ. గంటన్నర పట్టింది. బురద, నత్తగుల్లలు, నాచు. వాటి మధ్య చిక్కుకుని ఒకటి కాదు రెండు కాదు, తొమ్మిది వినాయకుల చట్రాలు! అప్పుడు అర్థమైంది అది ఇన్నేళ్ళూ ఎందుకు పైకి తేలలేదో. కొట్టుకుపోయి అడుగున పడిన వల మీద ఏటేటా ఒక విగ్రహం కూర్చుంది. తొమ్మిదేళ్ళు దేవుళ్ళే దాన్ని నొక్కిపట్టారు. ఈ వారం గాలి వాళ్ళను కూడా లేపింది.

వల మడతల్లో ఒక కొర్రమట్ట, చేయంత పొడవు, ప్రాణంతో కొట్టుకుంటోంది. కుర్రాళ్ళు సంచి తెస్తుంటే బాలమణి అక్క దాన్ని రెండు చేతులా ఎత్తుకుని నీళ్ళలో వదిలేసింది. అల్వాల్‌లో దానికి ఎంత గిరాకీయో అక్కకు తెలియనిదా? గిది మా తమ్మునికి సాక్షి, దీన్ని గూడ కోస్తరా అంది.

అప్పుడు కుర్మయ్య కాక బురదలో కూర్చుని వల కొస తాడు వెతికి పట్టాడు. కోసిన గుర్తు లేదు. తెగిన గుర్తు లేదు. కొసన ముడి ముడిలాగే ఉంది, దాని చుట్టు చుట్టులాగే ఉంది. కాక ఆ చుట్టును రెండు చేతుల మధ్య పెట్టి కొలిచాడు. మన రాతి గుంజ సంగతి నీకు కొత్తగా చెప్పాలా? పైన సన్నం, కిందికి లావు. నీళ్ళలో ఛాతీ లోతుకు దిగి వంగితే చేతికి గాడి తగులుతుంది. ముడి ఆ గాడిలో పడాలి. పైన కడితే అల లేచినప్పుడల్లా చుట్టు కొంచెం కొంచెం పైకి జరిగి, చివరికి ఊడిపోతుంది. ఒళ్ళు తడవని ముడి నిలవదని కాక మనకు చెవి మెలేసి చెప్పిన పాఠం అదే. అందరూ చుట్టూ మూగి ఉండగా కాక అన్నాడు: గీ సుట్టు గుంజ కొనకు సరిపోతది, గాడికి సరిపోది. ఎవ్వడూ కొయ్యలే, ఎవ్వడూ అమ్మలే. కట్టినోడు నీళ్ళల్ల దిగలే, గంతే.

ఆ మాట పడగానే కట్ట మీద ఒక నిట్టూర్పు లేచింది. గాలి చప్పుడులోనూ వినబడింది. నిన్ను గట్టిగా తిట్టిన వాళ్ళే ముందు తలలు దించారు. అక్క ఏడవలేదు. నా తమ్ముడు దొంగ గాదని నేను జెప్పిన్నాడు ఎవ్వలిన్నరు, ఇయ్యాల చెరువు జెప్తే ఇన్నరు అని, కొంగు నడుముకు దోపుకుని, వల మీది బురద కడగడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరుగా ఆడవాళ్ళంతా వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. ఆ గాలిలో, ఆ చల్లటి నీళ్ళలో, పొద్దు వాలేదాకా కడిగారు. నా జన్మలో అంత గొప్ప సంగతి మళ్ళీ చూస్తానని అనుకోను.

ఈ పొద్దున పదింటికి సంఘం కూర్చుంది. తీర్మానం నేనే రాశాను. యాదగిరి సభ్యత్వం తిరిగి ఇవ్వడమైనది, జరిగిన అవమానానికి సంఘం మన్నింపు కోరడమైనది అని. నువ్వు రాగానే మొదటి వంతు నీదేనట. ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాస్తే బాగుండదు. చివర్లో కొందరు నవ్వుకున్నారు. దొంగ కాదు గానీ యాదగిరికి సలంటే భయం, అందుకే పైనుంచి ముడేసి పోయిండు అన్నారు. వెక్కిరింపు కాదు, ప్రేమగానే అన్నారు. వదినతో చెప్పి నువ్వూ నవ్వుకో. అజాగ్రత్త వల్ల వల పోయినట్టు తేలినది అని కూడా పుస్తకంలో ఒక ముక్క రాయమన్నారు. రాశాను.

తిరిగొచ్చిన వలను మూడు రోజులు గంగమ్మ దగ్గరే ఉంచి, తర్వాతే ఒడ్డున ఆరేయాలని కాక అన్నాడు. ఈ సాయంత్రం దాన్ని మళ్ళీ అదే గుంజకు కడతాం. బుధవారం తీసి, వచ్చే ఆదివారం గంగమ్మకు బోనం పెడదామన్నారు. ఆ రోజుకు నువ్వు రావాలి. వదిననూ పిల్లలనూ తీసుకురా. మా అమ్మ ఆ ఇత్తడి చెంబుతో నీకు మంచినీళ్ళిస్తుందట. గాలి అప్పటికి తగ్గినా తగ్గకపోయినా రా. స్వెట్టర్లు మరిచిపోకు.

మీ రాక కోసం ఎదురుచూస్తూ,
నీ దోస్తు,
పరమేశ్.

తాజా కలం: సంతకం పెట్టి కవరు అంటించి, మళ్ళీ చించాను.

వల గురించి పై కాగితాల్లో అబద్ధం రాయలేదు. కానీ నీకూ నాకూ తెలిసిన ఒక్క ముక్క వదిలేశాను. ఆ ముడి నువ్వు వేసింది కాదు. నేను వేసింది. ఆ రోజు మూడింటికే నీకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. బొంతలు సంచిలో కుక్కుకుంటూ, నా వంతు నువ్వు జూసుకో, గాడిలనే కట్టు అని చెప్పి ఆటో ఎక్కావు. సాయంత్రం నేను మోకాళ్ళ దాకా దిగి, ఆ చలికి జడిసి, తెప్ప మీద నుంచే గుంజ కొనకు చుట్టేసి వచ్చాను. సభ్యుణ్ణి కాని నేను ఆ వల ముట్టానని తెలిస్తే, సభ్యత్వం కోసం పెట్టుకున్న నా అర్జీ అక్కడే చినిగిపోయేది. సంఘం నిన్ను అడిగినప్పుడు నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నువ్వు ఒక్కసారి నా వైపు చూశావు. తర్వాతే, నేనే కట్టి పోయిన అన్నావు. ఆ ఒక్క మాట మీద నేను తొమ్మిదేళ్ళుగా అన్నం తింటున్నాను. నీ నంబరు మారలేదని కూడా నాకు తెలుసు. చేసే ముఖం లేక చేయలేదు.

ఈ పొద్దున వాళ్ళు నీ చలి భయం గురించి నవ్వుతుంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. అజాగ్రత్త అని రాసింది కూడా ఈ చేయే. ఈ వారమంతా చెరువును చూసి ఆశ్చర్యపోయాను. కానీ యాదగిరీ, అమ్మ శవం పక్కన కూర్చుని కూడా నోరు విప్పని నీ ముందు ఆ అలలు ఎంత?

నాలుగింటికి కుర్మయ్య కాక ఇంటికి వెళ్ళి ఈ ఉత్తరం మొదటి నుంచి చదివి వినిపించాను. బాలమణి అక్కను కూడా పిలిపించాను. కాక తీర్మానాల పుస్తకం తెమ్మని, ఆ అజాగ్రత్త ముక్క నాతోనే కొట్టేయించి, పక్కన నా పేరు రాయించాడు. నిన్ను ఉంచుడా తీసుడా అని యాదగిరి ఒచ్చినంక వాడే జెప్తడు అన్నాడు. అక్క లేచి వెళ్ళిపోతూ, గుమ్మంలో ఆగి, ఇయ్యాల కట్టే వంతు ఎవ్వలిది అని మాత్రం అడిగింది.

నాదే అన్నాను. చెప్పాల్సిన రోజు కాబట్టి చెబుతున్నాను, వంతు నిజంగానే నాది. ఐదున్నర అయింది, గాలి తగ్గలేదు. అక్క కట్ట మీద నిలబడి చూస్తోంది. కాగితం ఇక్కడ పెట్టి పోతున్నాను. ఛాతీ లోతుకు దిగి, గాడి వెతికి కడతాను.